రికాబులు తీసేసిన చదువు

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించుకోవడం గురించి రాస్తే పొన్నేరి నుంచీ పెరంబూరు నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఒకావిడ అయితే, "మీ వ్యాసం చదివాక మావారు ముప్ఫై ఏళ్ళకి నా పేరు రాయించారు" అని రాశారు. ఆ ఒక్క ఉత్తరంతో నాకు ప్రమోషను వచ్చినంత సంతోషం కలిగింది. ఈసారి కూడా డబ్బు సంగతే, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద పన్ను గురించి రాద్దామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. కానీ నాలుగు నెలలుగా మా ఇంట్లో గుర్రం తప్ప మరో మాట లేదు. మనసులో ఒకటి పెట్టుకుని కలంతో ఇంకొకటి రాయడం నాకు చేతకాదు. కనుక పన్ను సంగతి వచ్చే సంచికకి వాయిదా. ఈసారికి గుర్రమే.

మింజూరులో గుర్రమేమిటి అని మీకు అనిపించవచ్చు. సెంట్రల్లో గుమ్మిడిపూండి బండి ఎక్కితే ఎన్నూరు, అత్తిపట్టు, నందియంబాక్కం దాటాక వచ్చే ఊరు మాది. చుట్టుపక్కల థర్మల్ పవర్ స్టేషనూ, సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే కర్మాగారమూ ఉన్నాయి. లారీలకు లోటు లేదు. గుర్రం కావాలంటే మాత్రం పెరుమాళ్ళ ఉత్సవాల్లో అశ్వవాహనం రోజున చూడాలి, లేదంటే పల్లెల పొలిమేరల్లో అయ్యనారు గుడి ముందు నిలబెట్టిన మట్టి గుర్రాలను చూడాలి. మా చిన్నతనంలో తిరునాళ్ళకి పొయ్‌క్కాల్ కుదిరై ఆట వచ్చేది. నడుముకి అట్టగుర్రం కట్టుకుని, కాళ్ళకి కొయ్యకాళ్ళు తగిలించుకుని ఆడేవాళ్ళు. మా నాయనమ్మ దాన్ని చూసి, "ఒరే, కీలుగుర్రంరా!" అనేది. ఆవిడకి 1949లో వచ్చిన 'కీలుగుర్రం' సినిమా తప్ప వేరే గుర్రం తెలియదు. నాకూ అంతే. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాడికి గుర్రంతో ఏం పని?

పని మా చిన్నమ్మాయి పెట్టింది. దానికి ఏడేళ్ళప్పుడు మెరీనా బీచిలో పది నిమిషాలు గుర్రం ఎక్కించాను. దిగనని ఏడ్చింది. పిల్లలు ఏడుస్తారు, మరుసటి రోజుకి మరిచిపోతారు అనుకున్నాను. ఇది మరవలేదు. బి.కాం. రెండో ఏడు చదువుతూ, చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బుతో పోయిన వేసవిలో ఒకచోట గుర్రపుస్వారీ క్లాసులో చేరింది. ఆ చోటు పేరు ఇక్కడ అనవసరం. నాకు తెలిసి ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి, అన్నీ అలాంటివే అని కూడా నేను అనను.

నాలుగో క్లాసులో పడింది.

ఏం జరిగిందంటే, ఆరుగురు పిల్లలను వరసగా గుర్రాల మీద కూర్చోబెట్టి, రెండు రోజులు నడక, ఒకరోజు ట్రాట్ నేర్పి, నాలుగోరోజున "క్యాంటర్" అని కేక పెట్టారు. ముందు గుర్రం లంఘించగానే వెనకవన్నీ లంఘించాయి. మా అమ్మాయి భయపడి ముందుకు వంగింది, మోకాళ్ళు బిగించింది, పగ్గాలు గుంజింది. మూడో ఎగురుకి జీనులో లేదు. కుడి కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి పట్టీలో వేలాడేసుకుని తిరిగింది. తలకి టోపీ ఉంది కాబట్టి అంతటితో పోయింది. ఆ టోపీ కూడా దాని తలకి సరిపడేది కాదని తరవాత తెలిసింది.

మా ఇంటావిడ ఒక్కటే మాట అంది. "ఇంకోసారి గుర్రం పేరు ఎత్తితే నేను మా అన్నయ్య ఇంటికి పోతాను." ఆవిడ సంగీతం టీచరు. ఇంట్లో గొంతు పెంచదు. తగ్గించిందంటేనే మనం జాగ్రత్తపడాలి. అమ్మాయి ఎదురు చెప్పలేదు. చెయ్యి బాగయ్యాక కూడా ఏమీ అడగలేదు. కానీ మునుపు అన్నం తింటూ ఆ గుర్రం ఇలా చేసింది, ఈ గుర్రం అలా చూసింది అని కబుర్లు చెప్పే పిల్ల, తలొంచుకుని తిని లేచి వెళ్ళిపోయేది. స్కూటరు మీద వెనక కూర్చుంటే గతుకు వచ్చినప్పుడల్లా నా చొక్కా పట్టుకునేది. అది వరకు పట్టుకునేది కాదు. ఆ పట్టుకోవడం నన్ను బాధ పెట్టింది. గుర్రం మానేస్తే మానేసింది, భయాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకుందే అని.

మా బ్రాంచికి పెన్షను పనుల మీద వచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నారు. పోలీసు గుర్రపు దళంలో పని చేసి రిటైరయ్యారు. వాళ్ళ తాతలు నెల్లూరు వైపు నుంచి గుర్రాలను చూసుకునే పనికి మద్రాసు వచ్చినవాళ్ళు. ఆయన తెలుగు మన ఉత్తర మద్రాసు తెలుగు, సగం అరవం కలిసింది. నేను మాటల్లో అమ్మాయి పడ్డ సంగతి చెప్పాను. ఆయన జాలి పడలేదు.

"ఎన్నో క్లాసులో పడింది సార్?"

"నాలుగో దాంట్లో."

"నాలుగో దాంట్లో పడకుండా ఉంటేనే ఆశ్చర్యం. పాపకి కూర్చునేది నేర్పలేదు. పోయేది నేర్పినారు. పాపని పిల్చుకు రండి. ఎక్కించేదానికి కాదు, చూసేదానికి."

మింజూరుకి పడమరగా ఒక సవుకుతోపు పక్కన, ఆయన స్నేహితుడి స్థలంలో నాలుగు గుర్రాలున్నాయి. పేరూ లేదు, బోర్డూ లేదు. రేకుల లాయం, ఇసక పోసిన గుండ్రటి బయలు, వేపచెట్టు కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. నాలుగూ పందేలు మానేసిన గుర్రాలే. మాస్టారూ రిటైరే, గుర్రాలూ రిటైరే. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి కూడా ఇంక నాలుగేళ్ళే సర్వీసు. ఇంటావిడకి "లైబ్రరీకి తీసుకెళ్తున్నాను" అని చెప్పాను. ముప్ఫై ఏళ్ళ సంసారంలో చెప్పిన అబద్ధాల్లో ఇది పెద్దదని అప్పుడు అనుకోలేదు.

మొదటిరోజు ఆయన అమ్మాయిని గుర్రం ఎక్కనివ్వలేదు. మల్లి అనే తెల్ల గుర్రాన్ని పొడుగాటి తాడుకి కట్టి, తాను మధ్యలో నిలబడి, జీను మీద ఎవరూ లేకుండా దాన్ని చుట్టూ తిప్పారు. అమ్మాయిని కళ్ళు మూసుకుని వినమన్నారు. నడిచేటప్పుడు నాలుగు దెబ్బలు వినబడతాయి, ఒక్కో కాలు విడివిడిగా. ట్రాట్‌లో రెండే దెబ్బలు. ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి కాబట్టి తక, తక అని. క్యాంటర్‌లో మూడు. ఎడమ వైపు గుండ్రంగా తిరిగేటప్పుడు ముందు కుడి వెనక కాలు నేలకి తాకుతుంది. తరవాత ఎడమ వెనక కాలూ కుడి ముందు కాలూ కలిసి పడతాయి. చివర ఎడమ ముందు కాలు. అప్పుడు ఒక్క లిప్తపాటు నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి. మళ్ళీ మొదలు. కుడి వైపు తిరిగితే ఈ లెక్కంతా తిరగబడుతుంది. ఇంకా వేగం పెంచి దౌడు తీసిందంటే మళ్ళీ నాలుగు దెబ్బలు, కానీ దాని సంగతి మనకొద్దు అన్నారు మాస్టారు.

"ఏం వినిపిస్తోంది పాపా?"

"తకిట, తకిట" అంది మా అమ్మాయి. తల్లి దగ్గర గీతాల దాకా నేర్చుకున్న పిల్ల కదా.

ఆయన నవ్వారు. "మాకు పెరేడులో ఒన్ టూ త్రీ అని నేర్పినారు. నీది బాగుంది. అదే పెట్టుకో."

ఇక్కడొక పక్కదారి. క్యాంటర్‌కి తెలుగు మాట ఏమిటని ఆ రాత్రి వెతికాను. దౌడు అంటే అందరికీ తెలుసు, అది గాలప్. దుడుకు నడక అంటారు కొందరు, అది ట్రాట్‌కి దగ్గర. అమరకోశంలో గుర్రపు నడకలు అయిదని చెప్పి వాటికి ధారలని పేరు పెట్టారు. వల్గితం, ప్లుతం, రేచితం, ధౌరితకం, ఆస్కందితం అని. వెనకటి పిల్లలు పలక పట్టిన ఈడులోనే ఇవి వల్లించేవాళ్ళు, గుర్రం ఎక్కినా ఎక్కకపోయినా. తెలుగులో మనుమంచిభట్టు గుర్రాల లక్షణాల మీద ఏకంగా పద్యకావ్యమే రాశాడు. ఇంత ఉండీ మాస్టారు క్యాంటర్‌ని 'కేంటరు' అనే అంటారు, నేనూ అదే అంటాను. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు దీనికి వేరే మాట వాడితే ఉత్తరం రాయండి, వచ్చే సంచికలో వేయిస్తాను.

రెండోవారం నుంచి ఎక్కించారు. ఎక్కించి, మొదట చేసిన పని రికాబులు తీసేయడం. పగ్గాలు కూడా ఇవ్వలేదు. తాడు ఆయన చేతిలో, గుర్రం ఆయన అదుపులో. అమ్మాయికి కూర్చోవడం తప్ప ఇంకో పని లేదు. నా గుండె గుబేలుమంది. కాలు పెట్టుకునే ఆధారం కూడా తీసేస్తే పిల్ల ఏమవుతుంది? ఆ మాటే అడిగాను.

"రికాబు ఉంటే కాలితో తొక్కి లేస్తాది సార్. లేస్తే పడతాది. లేకపోతే బరువంతా కిందకి దిగతాది. భయపడ్డవాళ్ళంతా పైకే పోతారు. కిందకి పోయినవాళ్ళు పడరు."

తరవాత చదివితే తెలిసింది, ఇది ఆయన సొంత కవిత్వం కాదు. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ అని 16వ శతాబ్దం నుంచీ ఉన్న సంస్థ ఉంది. అక్కడ కొత్తగా చేరిన శిష్యులను ఇలాగే తాడు మీద, రికాబులు లేకుండా, పగ్గాలు లేకుండా నెలల తరబడి కూర్చోబెడతారు. ఆ సంస్థ ఆడపిల్లలను శిష్యులుగా చేర్చుకున్నది మాత్రం 2008లోనే. అంతకంటే వెనక్కి పోతే, దాదాపు 2,400 ఏళ్ళ కిందట గ్రీసులో జెనోఫోన్ అనే సేనాని గుర్రపుస్వారీ మీద పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో అక్కడ రికాబులే లేవు. కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డవాడిలా గుర్రం మీద ఉండాలని ఆయన సలహా. మాస్టారికి జెనోఫోన్ పేరు తెలియదు. కానీ మా అమ్మాయి కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు పైకి ముడిస్తే, "ఇది బస్సు సీటు కాదు పాపా, నిల్చో, నిల్చునే కూర్చో" అని అరిచేవారు. ఎవరికివారే కనిపెట్టుకునే సత్యాలు కొన్ని ఉంటాయి కాబోలు.

మొదటి నెలంతా నడకే. చేతులు బారజాపి, పాదాలు గుండ్రంగా తిప్పుతూ, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ. చూసేవాడికి విసుగు. గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నామా అని నేను రెండుసార్లు అనుకున్నాను. తరవాత ట్రాట్, ఒక చేత్తో జీను ముందు అంచు పట్టుకుని. ఆ తరవాతే క్యాంటర్. అదీ ఎంత? మూడు అంగలు. మూడు అంగలు వేయించి, బాగుండగానే ఆపేసి, మల్లిని నడకలోకి తెచ్చేవారు. "బాగుండగానే ఆపాల" అనేది ఆయన సూత్రం. బాగా వచ్చింది కదా ఇంకొక్క చుట్టు అంటే ఒప్పుకునేవారు కాదు. మా బ్యాంకులో మాత్రం బాగా కట్టేవాడు కనపడితే ఇంకో అప్పు అంటగట్టే దాకా నిద్రపోము.

మూడు నాలుగు వారాలు ఆ వేపచెట్టు కింద కూర్చుని చూశాక నాకు అర్థమైన సంగతి చెబుతాను. తప్పులుంటే గుర్రాలు తెలిసినవాళ్ళు మన్నించండి.

క్యాంటర్‌లో గుర్రం వీపు పడవలా ఊగుతుంది. ముందు భాగం లేస్తుంది, దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. మీద కూర్చున్న మనిషి నడుము కీలు దగ్గర వదులుగా ఉంటే ఆ ఊపుతో పాటు పోతాడు, ఉయ్యాలలో కూర్చున్నట్టు. నడుము బిగించాడా, జీను పైకి వచ్చినప్పుడు అతన్ని ఎగరేస్తుంది, అతను కిందకి వచ్చేసరికి జీను మళ్ళీ పైకి వస్తుంటుంది. మా భాషలో చెప్పాలంటే చెక్కు బౌన్సయినట్టు. బౌన్సవగానే మనిషి భయపడతాడు. భయపడితే చేసేవి మూడు. ఒకటి, మోకాళ్ళు బిగించడం. బట్టల క్లిప్పు చూశారు కదా, గుండ్రటి దాన్ని పట్టుకుని గట్టిగా నొక్కితే జారి పైకి పోతుంది. మోకాలి పట్టు కూడా అంతే, పట్టుకునే కొద్దీ మనిషిని జీనులోంచి పైకి తోసేస్తుంది. రెండు, ముందుకు వంగడం. వంగితే బరువు గుర్రం భుజాల మీదకి పోతుంది, అది ఇంకా వేగం పెంచుతుంది. మూడు, పగ్గాలు గుంజడం. ఆ పగ్గం కొసన ఉన్న ఇనుప కళ్ళెం గుర్రం నోట్లో ఉంది. నొప్పికి అది తలెత్తి వీపు బిర్రబిగించుకుంటుంది. బిగిసిన వీపు ఇంకా ఎగరేస్తుంది. అదింకా ఎగరేస్తే మనమింకా గుంజుతాం. చక్రవడ్డీలాంటి వ్యవహారం. మా అమ్మాయి మూడో ఎగురుకి కింద పడిందంటే ఈ లెక్క ప్రకారమే పడింది.

వీటన్నిటికీ ముందు ఇంకొకటుంది. ఊపిరి బిగబట్టడం. క్యాంటర్ అనగానే దాని ఛాతీ ఆగిపోయేది. నేను దూరం నుంచి చూస్తూ కూడా పోల్చగలిగేవాణ్ణి, ఎందుకంటే నాదీ ఆగిపోయేది. ఊపిరి ఆగితే నడుము బిగుస్తుంది. ఆయన దానికి వేసిన మందు, గట్టిగా పలకమనడం. "తకిట పైకి చెప్పు, వాయి మూసుకోవద్దు." నోటితో పలికేవాళ్ళు ఊపిరి బిగబట్టలేరు కదా. మా అమ్మాయి మొదట సిగ్గుపడింది. తరవాత సవుకుతోపు దద్దరిల్లేలా పలికేది.

ఇంకో సంగతి. పందెం రౌతు అసలు జీనులో కూర్చోడు. పొట్టి రికాబుల మీద మోకాళ్ళు ముడిచి, గుర్రం మెడ మీదకి వంగి, పిరుదులు గాల్లో ఉంచి పోతాడు. ఇంగ్లండులో ఆ పద్ధతికి 19వ శతాబ్దం చివర ప్రచారం తెచ్చినవాడు టాడ్ స్లోన్ అనే అమెరికా జాకీ. గంతులు వేయించే సవార్లకి ముందుకు వంగే ఆసనం నేర్పినవాడు ఇటలీ సైన్యాధికారి కాప్రిల్లి. కనుక గిండీలో పరుగెత్తి వచ్చిన మల్లిలాంటి గుర్రానికి వీపు మీద బరువు దిగి కూర్చోవడమే కొత్త. దానికీ మొదటి నుంచి నేర్పాలి. మల్లికి ఆయన ఏడాది నేర్పారట. అంటే మా అమ్మాయి ఎక్కింది తనలాగే మళ్ళీ మొదలుపెట్టిన విద్యార్థిని మీద.

పందెం అనగానే మీలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. మా నాన్నగారు గిండీ పేరెత్తితేనే లేచిపోయేవారు. 1974లో తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేలను నిషేధిస్తూ చట్టం చేసింది కూడా. 1996 జనవరిలో సుప్రీంకోర్టు అది ఒట్టి అదృష్టం మీద నడిచే జూదం కాదు, గుర్రం శిక్షణా రౌతు నైపుణ్యమూ ముఖ్యమైన ఆట అని తీర్పు చెప్పింది. తీర్పు సంగతి అలా ఉంచి, డబ్బు పెట్టే విషయంలో నేను మా నాన్నగారి పక్షమే. గుర్రం మీద కూర్చున్నవాడి విద్య విషయంలో మాత్రం కోర్టు పక్షం.

మన దేశంలో ఈ విద్యకి గుర్తింపు తక్కువ. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో రఘుబీర్ సింగ్ బృందం బంగారు పతకాలు తెచ్చాక ఈ ఆటలో మళ్ళీ బంగారం చూడటానికి 41 ఏళ్ళు పట్టింది. 2023లో హాంగ్జౌలో అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా కలిసి డ్రెస్సేజ్‌లో గెలిచారు. నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలు. డ్రెస్సేజ్ అంటే పరుగుపందెం కాదు, గుర్రం ఎంత నేర్పుగా, రౌతు ఎంత నిశ్చలంగా ఉన్నారని చూసి మార్కులు వేసేది. అంటే మా మాస్టారి భాషలో 'కూర్చునేది'. ఒలింపిక్స్‌లో అయితే 2000 సిడ్నీలో ఇంతియాజ్ అనీస్ తరవాత మళ్ళీ మన జెండా కనబడింది టోక్యోలో, ఫవాద్ మీర్జాతో. ఆయన బెంగుళూరువాడే, మనకి దూరం కాదు.

ఇంకా దగ్గరివాడు దేశింగురాజు. సెంజి కోట దేశింగు కథ మన వైపు తెలుగు ఇళ్ళలో కూడా చెప్పుకునేవాళ్ళు. ఎవరికీ లొంగని ఢిల్లీ పాదుషా గుర్రాన్ని కుర్రవాడు లొంగదీశాడని కథ. చరిత్రలో ఆయన పేరు తేజ్‌సింగ్. 1714లో ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాన్ సేనతో పోరాడి చిన్న వయసులోనే చనిపోయాడు. మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా గుర్రం ఎగిరే దగ్గర ఆపి నన్ను ఊరించేది. ఈ మధ్య మాస్టారిని అడిగాను, అంత పొగరు గుర్రాన్ని దేశింగు ఎలా లొంగదీసి ఉంటాడని. "లొంగదీసేది ఏముంది సార్, వాడు దాని నోరు గుంజి ఉండడు" అన్నారు.

అసలు సంగతికి వస్తాను. లైబ్రరీ అబద్ధం ఏడువారాలు నిలబడింది. ఎనిమిదోవారం మా ఇంటావిడ నా ప్యాంటు ఉతకడానికి తీసి, జేబులోంచి పిడికెడు ఉలవలు బయటికి తీసింది. మల్లికి పెట్టడానికి తీసుకెళ్ళి మిగిలినవి. ఉలవచారు పెట్టుకోవడానికి జేబులో పోసుకున్నానని చెప్పలేను కదా.

ఆవిడ గుర్రం గురించి ఒక్క మాటా అనలేదు. "ఏడు వారాలు మీరిద్దరూ కలిసి నాకు అబద్ధం చెప్పారు. అది పడితే ఆస్పత్రి నుంచి నాకు ఏమని ఫోను చేసేవారు? లైబ్రరీలో పడిందనా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. రెండురోజులు ఇంట్లో సంగీతం క్లాసులు తప్ప వేరే శబ్దం లేదు. మూడోరోజు అమ్మాయి తల్లి దగ్గర కూర్చుని, "అమ్మా, నైనని అడిగింది నేనే. నాకు పడ్డప్పటి నుంచీ నిద్రలో కూడా పడినట్టే ఉంటోంది. అది పోవాలని వెళ్ళాను. నువ్వు మానేయమంటే మానేస్తాను. ఒక్కసారి వచ్చి చూసి చెప్పు" అంది. నిద్రలో పడుతోందని నాకూ అప్పుడే తెలిసింది.

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. అమ్మాయి వాళ్ళ అమ్మని స్కూటరు మీద తీసుకొచ్చింది, నేను షేర్ ఆటోలో వచ్చాను. అది శిక్షో సౌకర్యమో అడగలేదు. మా ఇంటావిడ కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు, వెదురు కంచె పట్టుకుని నిలబడింది. ఆపెయ్యమని చెప్పడానికే వచ్చిందని ఆ నిలబడటంలోనే తెలుస్తోంది. మాస్టారు ఆవిడకి నమస్కారం పెట్టి తన పనిలో పడ్డారు. నడక అయింది, ట్రాట్ అయింది. క్యాంటర్ అన్నారు. మల్లి ఎత్తుకుంది. అమ్మాయి తకిట తకిట అని మొదలుపెట్టింది. మూడు అంగలు బాగుంది. ఆయన ఆ రోజు ఆపకుండా ఒక చుట్టు వదిలారు. ఆరో అంగ నుంచి అది మళ్ళీ ఎగరడం మొదలుపెట్టింది, జీనుకీ దానికీ మధ్య బెత్తెడు సందు కనబడుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"తాళం తప్పుతోంది" అంది మా ఇంటావిడ.

నేను కళ్ళు తెరిచాను. ఆవిడ గుర్రం కాళ్ళ వంకే చూస్తోంది.

"మూడూ అయ్యాక ఒక ఖాళీ ఉంది. గుర్రం ఆగుతోంది. ఇది ఆగట్లేదు, ఆ ఖాళీ మింగేసి మళ్ళీ త అని ముందే అందుకుంటోంది. అందుకే గుర్రం కంటే ముందు లేస్తోంది." తరవాత గొంతు కొంచెం పెంచి, "తకిట అన్నాక ఆగవే! ఆగి అను!" అంది.

నేను ఆవిడ గొంతు పెంచగా వినడం చాలా ఏళ్ళకి. మాస్టారు మల్లిని నడకలోకి తెచ్చి, కంచె దగ్గరికి వచ్చి, "ఏం చెప్పినారమ్మా, ఇంకోసారి చెప్పండి" అన్నారు. ఆవిడ కంచె వెదురు మీద అరచేత్తో వేసి చూపించింది. మూడు దెబ్బలు, చెయ్యి గాలిలో ఒక క్షణం, మళ్ళీ మూడు. నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే క్షణం అదేనని మాస్టారు నాకు మొదటిరోజే చెప్పారు. నేను విని కాగితం మీద రాసుకున్నాను. రాసుకున్నవాడికి వినపడలేదు, విన్నావిడకి వినపడింది.

"మీరు వేయండమ్మా తాళం. నేను తాడు పట్టుకుంటాను" అన్నారాయన.

ఆవిడ వేసింది. ముందు మల్లిని ఖాళీగా ఒక చుట్టు తిప్పించి కాలం పట్టుకుంది, అప్పుడు అమ్మాయిని ఎక్కించమంది. మొదటి చుట్టులో రెండుసార్లు ఎగిరింది. రెండో చుట్టులో ఒక్కసారి. మూడోదానిలో నాకు సందు కనబడలేదు. అమ్మాయి తకిట అని ఆగి, ఆ ఆగినప్పుడు ఊపిరి వదిలి, మళ్ళీ తకిట అంటోంది. జీను లేస్తే లేస్తోంది, దిగితే దిగుతోంది. ఎడమ చెయ్యి జీను అంచు మీద నుంచి ఎప్పుడు తీసేసిందో నేను గమనించలేదు, అదీ గమనించినట్టు లేదు. మాస్టారు బాగుండగానే ఆపేశారు.

మా ఇంటావిడ వెంటనే ఒప్పుకుందని అనుకోకండి. దిగాక అమ్మాయి టోపీ పట్టీ లాగి చూసింది, చెప్పుల బదులు మడమ ఉన్న బూట్లు ఎందుకు వేసుకోలేదని నిలదీసింది, లాయం పక్కన తొట్టిలో నీళ్ళు పాచి పట్టాయని మాస్టారికి చెప్పింది. రికాబులు ఎప్పుడు తిరిగి ఇస్తారని అడిగింది. ఇంకో రెండు నెలలు పడుతుందని ఆయన చెబితే, తొందరేం లేదంది. నాతో మాత్రం ఆ పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ ఇస్తూ, "వచ్చే ఆదివారం పిల్లల క్లాసు శనివారానికి మార్చాను. ఉలవలు జేబులో పోసుకోకండి, సంచీలో తీసుకెళ్దాం" అంది.